చిన్న నేల, పెద్ద సంసారము: విశాఖ జిల్లా

ఈ శీర్షిక క్రింద నెలకొక ప్రదేశమును గూర్చి మన సోదరీమణులతో ముచ్చటించుచున్నాము. ఈ మాసమున విశాఖపట్టణము జిల్లాను తీసికొంటిమి. పాఠకురాండ్రలో పలువురకు ఇది పుట్టినిల్లో మెట్టినిల్లో అయియుండును. తెలిసిన యూరిని గూర్చి మరల తెలియజెప్పుట యేల యని వారడుగవచ్చును. ఇంటికి ఎన్ని గదులున్నవో, ఎన్ని విస్తళ్లు లేచుచున్నవో తెలిసినంతమాత్రమున సంసారము తెలిసినట్లు కాదు. బియ్యము ఎచ్చటినుండి వచ్చుచున్నది, నీరు ఎవరి చెరువుది, ఎవరికెంత బాకీపడియున్నాము అను లెక్క తెలిసిననే గృహిణి సంసారమును దిద్దుకొనగలదు. జిల్లాకును ఇదే న్యాయము.

మునుపటి విశాఖ జిల్లా పెద్ద లోగిలి వంటిది. అరకు, పాడేరు కొండలనుండి సముద్రమువరకు 11,161 చదరపు కిలోమీటర్లు వ్యాపించియుండెను. 2022 ఏప్రిలు 4వ తేదీన ఆ లోగిలి పంపకమైనది. మన్యము అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. చెరకుతోటలు, వరిపొలములు గల పల్లపుభూములలో అధికభాగము అనకాపల్లి జిల్లా అయినది. విశాఖకు మిగిలినది 1,048 చదరపు కిలోమీటర్లు మాత్రమే. పదింట ఒకవంతు నేలయైనను దక్కలేదు గాని, జనులలో సగమునకు కొంచెము తక్కువ ఇచ్చటనే యుండిపోయిరి. 2011 జనగణనము ప్రకారము ఈ పరిధిలోనివారు 19 లక్షల 59 వేలు. అనగా చదరపు కిలోమీటరునకు సుమారు 1,870 మంది. ఆ లెక్కలనుబట్టియే అల్లూరి జిల్లా ఏర్పడిననాడు అచ్చట చదరపు కిలోమీటరునకు 80 మందియైనను లేరు. ఊరంత చుట్టములే, ఉట్టిగట్ట తావులేదను సామెత విశాఖకు సరిపోవును.

ఇక నేల తీరు చూతము. తూర్పున బంగాళాఖాతము. ఉత్తరమున కైలాసగిరి, సింహాచలము కొండలు. దక్షిణమున యారాడ కొండ. యారాడ కొండ కొస సముద్రములోనికి చొచ్చుకొనిపోయి, చేపముక్కువలె కనబడుటచే దానికి డాల్ఫిన్స్ నోస్ అను పేరు వచ్చినది. ఈ రెండు కొండవరుసల నడుమ ఊరు పళ్లెమువలె నున్నది. ఆ పళ్లెమునడుమనుండి మేహాద్రిగెడ్డ ప్రవహించి సముద్రపుపాయలో కలియుచున్నది. ఉత్తరమున భీమునిపట్టణముకడ గోస్తనీనది సాగరమును చేరును. ఆ దారిలోనే ఎర్రమట్టి దిబ్బలు కలవు. వేలయేండ్ల గాలివానలు మలచిన ఆ దిబ్బలను 2014లో జాతీయ భూవారసత్వ స్థలముగ గుర్తించిరి. కొండలును సముద్రమును కలిసి విశాఖకు అందము నిచ్చినవి. పొలములకు మాత్రము చోటు మిగుల్పలేదు.

అట్టి యిరుకుచోటునకు ఇందరేల వచ్చిరి? 1901లో విశాఖ పట్టణమున నున్నవారు సుమారు 41 వేలు. 1941లో 70 వేలు. 1951 నాటికి లక్ష దాటిరి. 2011లో మహానగరపాలకసంస్థ పరిధిలో 17 లక్షల 28 వేలు. చుట్టుపట్ల గ్రామములను నగరములో కలుపుట ఇందులకు కొంత కారణమేగాని, ప్రధానకారణము పని. ఆ పనికి మూలము కొండచాటు సముద్రపుపాయ. 1931లో రాయపూరునుండి విజయనగరమునకు రైలుమార్గము పూర్తియై మధ్యదేశపు సరకునకు సముద్రపుదారి దొరకినది. 1933 అక్టోబరు 7న జలదుర్గ యను ఓడ క్రొత్త రేవులో ప్రవేశించెను. రేవుముఖమున ఇసుక మేట వేయకుండ రాళ్లు నింపిన రెండు పాతయోడలను ముంచి, వానినే అలలకు అడ్డుకట్టగ జేసిరి.

1941లో సింధియా కంపెనీవారు నౌకానిర్మాణశాలకు పునాది వేసిరి. 1948 మార్చి 14న జల ఉష యను ఓడను నెహ్రూ పండితుడు జలప్రవేశము చేయించెను. 1957లో చమురుశుద్ధి కర్మాగారము, 1967లో ఎరువుల కర్మాగారము వెలసినవి. 1968లో తూర్పు నౌకాదళపు ప్రధానస్థానము ఇచ్చట నెలకొన్నది. బైలదిల్లా గనుల ఇనుపఖనిజమును అరకు కొండలలో ఏబదికిపైగా సొరంగములగుండ రైలులో దింపి జపానునకు పంపుటకై 1976లో వెలుపలి రేవు సిద్ధమయ్యెను. ఇట్లు ఒక్కొక్క పనితో ఒక్కొక్క పేట లేచినది. శ్రీకాకుళమునుండి, విజయనగరమునుండి, ఒడిస్సానుండి జనులు సంసారములతో తరలివచ్చిరి.

ఉక్కు కర్మాగారము మాత్రము అడుగగానే వచ్చినది కాదు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని 1966లో రాష్ట్రమంతట ఆందోళనము చెలరేగెను. అమృతరావుగారు నిరాహారదీక్ష పూనిరి. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగెను. ఆ ఉద్యమమున రాష్ట్రమందు 32 మంది అసువులు బాసిరని చెప్పుదురు. 1971 జనవరి 20న ఇందిరాగాంధిగారు శంకుస్థాపన చేసిరి. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు కర్మాగారమును జాతికి అంకితము చేసిరి. పనివారికొరకు కట్టిన ఉక్కునగరము నేడు చెట్లనీడలతో నలరారు చక్కని ఊరు. అచ్చటి కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని పేర్లు పెట్టిరి. నిప్పులు గ్రక్కు కొలుములకు నదుల పేర్లును, అన్నము పెట్టు తల్లి పేరును పెట్టుట మన జాతికే తోచిన మర్యాద.

ఇప్పుడు ఇంటి పద్దుపుస్తకము విప్పుదము. ఆ కొలుములకు ఇనుపఖనిజము ఛత్తీస్‌గఢ్ నుండి రావలెను. కర్మాగారమునకు సొంత ఇనుపగని లేదు. కోకింగు బొగ్గు అధికముగ ఆస్ట్రేలియానుండి ఓడలలో వచ్చును. సున్నపురాయి జగ్గయ్యపేటది, డోలమైటు ఖమ్మముసీమలోని మాదారముది. ఊరివారి బియ్యము గోదావరి డెల్టాలనుండియు, బెల్లము అనకాపల్లినుండియు వచ్చును. వీనిని సొమ్ము పెట్టి కొనవచ్చును, ఒకచోట దొరకకున్న మరియొకచోట వెదకవచ్చును. నీటికి ఆ వీలు లేదు.

ముడసర్లోవ, మేహాద్రిగెడ్డ జలాశయములు జిల్లాలోనివే గాని, ఇన్ని లక్షల గొంతులకు అవి చాలవు. గోస్తనిపై కట్టిన తాటిపూడి జలాశయము విజయనగరము జిల్లాలో నున్నది. శారదానదిపైని రైవాడ అనకాపల్లి జిల్లాలో నున్నది. ఏలేరు జలాశయము ఇంకను దూరమున కాకినాడ జిల్లాలో నున్నది. ఉక్కు కర్మాగారముకొరకు అచ్చటినుండి 150 కిలోమీటర్లకుపైగా కాలువ త్రవ్విరి. నగరమును ఆ నీటిలో పాలు పంచుకొనుచున్నది. మనము కుళాయి త్రిప్పి బిందె నింపుకొనునప్పుడు అందులోని నీరు మూడు జిల్లాల పొలముగట్లను దాటివచ్చినది కావచ్చును. ఆ గట్లపై నిలిచిన రైతుభార్యకును ఆ నీరు కావలసినదే. నీరు పల్లమెరుగునందురు. నేడది ధనమున్న దిక్కును ఎరుగుచున్నది.

ఇట్టి బ్రతుకు విశాఖకొక్కదానికే కాదు. చీనాతీరమున హాంకాంగు కలదు. దాని నేల సుమారు 1,100 చదరపు కిలోమీటర్లు, అనగా మన క్రొత్త జిల్లాయంత. జనులు మాత్రము 75 లక్షలు. అచ్చటను కొండలు, సముద్రము, రేవు, ఇరుకు. 1963లో వానలు మొగము చాటువేయగా ఆ నగరమున నాలుగు దినములకొకమారు నాలుగేసి గంటలు మాత్రము నీరు వదలిరి. స్త్రీలు, పిల్లలు బిందెలతోను, డబ్బాలతోను వీధికుళాయిలకడ బారులు తీరిరి. 1965నుండి చీనాలోని తూర్పునది నీటిని కొని తెచ్చుకొనుచున్నారు. అదియే నేడు వారి అవసరములలో అధికభాగము తీర్చుచున్నది. అంతటితో వారు తృప్తిపడలేదు. మరుగుదొడ్లకు మంచినీరు వ్యర్థము చేయనేల యని సముద్రజలమును వేరు గొట్టములద్వారా ఇండ్లకు పంపిరి. జనులలో పదింట ఎనమండుగురు నేడు ఆ ఉప్పునీటినే ఆ పనికి వాడుచున్నారు. ముంగిట సముద్రమున్న మనవారు ఆలోచింపదగిన యేర్పాటిది.

విశాఖకును అట్టి గుణపాఠము తప్పలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరముపై విరుచుకుపడెను. కరెంటు స్తంభములు కూలి మోటారులు నిలిచిపోగా కొలది దినములపాటు ఇంటింట నీటికి కటకటలాడిరి. పసిబిడ్డకు పాలుగూడ దొరకని యిండ్లుండెను. మిద్దెలు, మేడలు, బ్యాంకులో సొమ్ము ఉన్నవారును బిందె పట్టుకొని ట్యాంకరు వెంట పరుగిడిరి.

పద్దుపుస్తకములో బాకీల పుట మిగిలియున్నది. ఉక్కు కర్మాగారమునకై సుమారు 26 వేల ఎకరములు సేకరించినప్పుడు 64 గ్రామములు లేచిపోయినవి. ఇంటికొక ఉద్యోగమను ఆశతో వారికి ఆర్-కార్డులు ఇచ్చిరి. కొందరికి కొలువు దొరకెను. కొందరు ఆ కార్డును పెట్టెలో దాచుకొని ముసలివారైరి. పొలము ఆడుదాని చేతికిగూడ పని యిచ్చెడిది. కొలిమిలో దొరకిన పని మగవానికే అధికముగ దొరకెను. 2009లో గంగవరము రేవు తెరచినప్పుడు గంగవరము, దిబ్బపాలెము జాలరులకు తమ తీరమే దూరమయ్యెను. మగవాడు వేటకు పోగా చేపలగంపను నెత్తిన పెట్టుకొని వీధివీధి తిరిగి ఇల్లు నడపునది జాలరి స్త్రీయే. ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు, చేపలు గ్రుడ్లు పెట్టుకాలమని, మరపడవల వేట నిషేధింతురు. ఆ రెండునెలలు ఆమె పొయ్యి ఎట్లు రాజుకొనునో కొనువారికి తట్టదు.

గాలిమాటయు ఈ పుటలోనిదే. ఊరు కొండలనడుమ పళ్లెమువలె నుండుటచే పొగ త్వరగ చెదరిపోదు. రేవుదగ్గరి పాతపట్టణపు గృహిణులు బొగ్గుదుమ్ముతో విసిగియున్నారు; ఆరవేసిన చీర మరల ఉతుకవలసివచ్చును. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున గోపాలపట్టణముచెంత వెంకటాపురమున ఒక కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి, నిద్రలోనున్న జనులను కమ్మెను. 12 మంది మరణించిరి. కర్మాగారముగోడకును ఇంటిగోడకును నడుమ ఉండవలసిన చోటును కూడ మనము నివాసములక్రింద జమకట్టుకొంటిమి. చిన్న నేలపై పెద్ద సంసారమునకు కలుగు అపాయములలో ఇది ఘోరమైనది.

2021 జనవరిలో కేంద్రమంత్రివర్గసంఘము ఉక్కు కర్మాగారమందలి ప్రభుత్వవాటాల నన్నింటిని విక్రయించుటకు సూత్రప్రాయముగ సమ్మతించెను. పనివారును, వారి కుటుంబములును దీక్షలకు కూర్చుండిరి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సాయమును కేంద్రము ప్రకటించినది. ఒక్క కర్మాగారము దగ్గినచో గాజువాకలోని పచారీకొట్టునుండి కుట్టుమిషనువరకు వణకుట ఈ నాలుగేండ్లలో అందరును చూచిరి. బొగ్గు, గని, నీరు పరాధీనమైనచోట జీవనమును ఒక్క కంబముపైననే నిలుపరాదని మా యభిప్రాయము.

సోదరీమణులారా, విశాఖ బీదయూరు కాదు. సంపాదించు చేతులకు అచ్చట కొదువలేదు. కాని సంపాదన ఎంతయున్నను, తెచ్చిపెట్టువారిని మరచిన సంసారము నిలువదు. డాబాపై కురిసిన వానను మురుగుకాలువకు వదలక ఇంకుడుగుంతలోనికి మళ్లించుట, కూరలు కడిగిన నీటిని మొక్కలకు పోయుట ప్రతియింట జరుగదగిన పనులు. మరుగుదొడ్లకు శుద్ధిచేసిన నీటినో సముద్రజలమునో తెప్పించుట, ఆర్-కార్డుల చిక్కు తీర్చుట ప్రభుత్వమువారు చేయదగినవి. వానిని అడుగుట వోటు గల స్త్రీలు చేయదగినది. ఎన్నికలకు వచ్చినవారిని రోడ్డు గురించి అడుగుదుము గదా, ఏలేరు కాలువ గురించియు అడుగుదము.

వేసవిలో నాలుగు చినుకులు పడగానే విశాఖ గృహిణి తన వాకిలి తడిసినదా యని చూచుకొనును. ఇకమీదట తాటిపూడిలోను, రైవాడలోను వాన పడెనా యని గూడ విచారింప వేడుచున్నాము.