పొడి అక్షరములలో ఇంటిపేరు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమున పూరీ గేట్ చేరి "రావుగారి ఇల్లు ఏది?" అని అడిగినవానికి వెంటనే దారి దొరకదు. ఏ రావుగారు అని ఎదురుప్రశ్న వచ్చును. లోకోషెడ్డు రావుగారా, కర్మాగారపు రావుగారా, పింఛను పుచ్చుకొని బడి దగ్గర నివసించు రావుగారా అని రెండు మూడు విశేషణములు తగిలించినగాని మనిషి తేలడు. నిమ్‌పురాలోను, మథురాకాటిలోను ఇదే కథ. ఒకరికొకరు ఏ చుట్టరికమును లేని కుటుంబములు పెక్కు ఇతర భాషలవారి లెక్కలో ఒకే ఇంటివారై కూర్చున్నవి. ఆ ఇంటిపేరు వారిలో ఎవ్వరిదియు కాదు. అది అసలు ఇంటిపేరే కాదు.

ఇది నవ్వి ఊరకుండదగిన సంగతి యని చదువుకొన్నవారే అనుచున్నారు. పేరు పిలుచుటకే గదా, పిలిచినప్పుడు పలికిన చాలును గదా యని వారి వాదము. ప్రపంచమంతయు ఇంగ్లీషు పద్ధతి నవలంబించి ముందు సొంతపేరును, చివర వంశనామమును వ్రాయుచుండగా తెలుగువారు మాత్రము మొండికెత్తుట ఎందుకని మరికొందరి ఆక్షేపణ. ఈ రెండు వాదములును తప్పు. ఆ తప్పు వలన కలుగు నష్టము గుంటూరులోనో రాజమహేంద్రవరములోనో అంతగా కనబడదు. ఊరు విడిచి వచ్చినవారి నడుమ, ఖరగ్‌పూర్ వంటి చోటనే అది స్పష్టముగా కనబడును.

తెలుగువారు అచ్చటికి వచ్చిన దారి ఇనుపదారియే. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. బెజవాడ నుండి కటకము వరకు తూర్పుతీరపు లైను 1893–96 నడుమ నిర్మితమైనది. 1900లో కోలాఘాట్ వద్ద రూప్‌నారాయణ్ నదిపై వంతెన పూర్తియై ఖరగ్‌పూర్‌నకు హౌరాతో సంబంధము కలిగినది. 1902లో వాల్తేరునకు ఉత్తరపు భాగము ఆ కంపెనీ చేతిలోనికి పోయినది. అప్పటి గంజాం, విశాఖపట్టణం జిల్లాల కూలివాడు రైలెక్కిన ఒకే కంపెనీ బండిలో ఖరగ్‌పూర్ దిగవచ్చును. అట్లే దిగినాడు. వానివెంట పొలము పట్టా లేదు, వంశవృక్షము లేదు, చదువు లేదు. మునుపు తాతముత్తాతలు ఎచ్చట నుండిరో, ఏమి చేసిరో చెప్పగల ఆధారము ఒక్కటే వానితో వచ్చినది, అది ఇంటిపేరు. తెల్లకాగితముపై సంతకము చేయలేనివానికి సైతము అది కంఠస్థము.

హాజరు పట్టీలో అది ఒక అక్షరమైనది. ఇంగ్లీషున పేర్లు వ్రాయు కచేరీలకు పొడి అక్షరములు సదుపాయము. బి. అప్పారావు అని వ్రాసిన గడి సరిపోవును. కాని ఆ 'బి' ఎవరు? బొడ్డేపల్లివారా, బోనువారా, బగాదివారా, బొత్సవారా, బెండివారా? ఊరిలో నున్నంతకాలము ఈ ప్రశ్న పుట్టదు, ఊరంతకును తెలిసినదే. మూడు తరములు బెంగాలులో గడచిన పిమ్మట ఆ 'బి' ఇంటిలోని పిల్లలకే పొడుపుకథ యగుచున్నది. ముచ్చటగా తెలుగువారే కల్పించుకొన్న 'సిహెచ్' అను జంట అక్షరపు సంగతియు ఇంతే. చింతాడవారును చిలకమర్తివారును అందులో ఒకే గూటికి చేరుదురు.

పొడి అక్షరము సగము పని చేసినది. మిగిలిన సగము 'రావు' చేసినది. రావు అనగా రాజశబ్దభవము. రాజ, రాయ, రావు. గౌరవార్థమై పేరు తుదను చేర్చునది. హిందీ ప్రాంతములలోను రావు, రాయ్ అను బిరుదులు కలవు. బెంగాలులో ఇదే మాట రాయ్ అను రూపమున నిజముగానే వంశనామమైనది. అచ్చట చౌధురి, మజుందార్, సర్కార్ మొదలగు ఉద్యోగనామములును బిరుదములును తరతరములుగా ఇంటిపేర్లై స్థిరపడినవి. కనుక తెలుగువాని పేరు చివర 'రావు' చూచిన బెంగాలీ గుమాస్తా దానిని తనకు తెలిసిన రాయ్‌తో సమానముగా భావించుటలో దుర్బుద్ధి ఏమియు లేదు. తెలుగువాడే దానిని దిద్దకుండుట వింత. దిద్దకపోవుటయే గాక, తన కుమార్తెను బడిలో చేర్చునప్పుడు వంశనామపు గడిలో తానే 'రావు' అని వ్రాయుచున్నాడు. ఇట్లు ఆడపిల్ల 'లక్ష్మీ రావు' అగుచున్నది. మగవాని పేరునకు తగిలించు గౌరవపదమును ఆడపిల్ల మోయుచుండగా తెలుగు చెవికి కలుగవలసిన ఎబ్బెట్టు ఇప్పుడు కలుగుటయే లేదు. అప్పారావు అను ఒక్క మాట నడుమ విరిగి 'అప్పా' ఒకవైపునకు, 'రావు' ఒకవైపునకు పోయినది. ఈ లెక్కన కన్యాశుల్క నాటకకర్తయు 'రావు' మహాశయుడే కావలెను. ఆయన ఇంటిపేరేమో కృష్ణా జిల్లాలోని గురజాడ గ్రామము నుండి పూర్వులు ఉత్తరమునకు తరలివచ్చిన చరిత్రను నేటికిని చెప్పుచున్నది.

ఇంగ్లీషు పద్ధతిని మెచ్చువారు ఇంగ్లీషు వంశనామముల చరిత్రను చూచినచో మంచిది. వాషింగ్టన్ అను పేరు తీసికొనుడు. 12వ శతాబ్దిలో డర్హామ్ ప్రాంతపు విలియం డి హెర్ట్‌బర్న్ అను భూస్వామి వెసింగ్టన్ అను ఊరిని పొంది, పాత ఊరిపేరు విడిచి కొత్త ఊరిపేరుతో విలియం డి వెసింగ్టన్ అయినాడు. ఆ వంశపు శాఖయొకటి దక్షిణమునకు జరిగి 1539లో నార్తాంప్టన్ ప్రాంతమున సల్‌గ్రేవ్ ఎస్టేటును సంపాదించినది. 17వ శతాబ్ది నడుమ జాన్ వాషింగ్టన్ వర్జీనియా చేరినాడు. ఆతని మునిమనుమడు జార్జి. ఒక పల్లె పేరు అట్లాంటిక్ దాటి ఒక దేశపు రాజధాని పేరైనది. చరిత్రకారులు ఈ దారిని వెనుకకు నడిచి పల్లెవరకు పోగలిగిరన్న, ఆ పేరు ఏ మజిలీలోను 'డబ్ల్యు' మాత్రముగా మిగిలిపోకుండుటయే కారణము.

ఇదే పేరునకు మరియొక కథ కలదు. 1856లో బానిసగా పుట్టిన బుకర్ అను బాలుడు విముక్తి తరువాత బడికి పోయినాడు. హాజరు పిలుచునప్పుడు తక్కిన పిల్లలకు రెండేసి పేర్లుండగా వానికి ఒక్కటియే. తన వంతు రాగానే బుకర్ వాషింగ్టన్ అని చెప్పివేసినాడు. ఇంటిపేరు లేనివాడు హాజరుపట్టీ ఎదుట నిలిచి ఒకటి సంపాదించుకొన్నాడు. ఖరగ్‌పూర్ తెలుగువాడు ఇంటిపేరుతో వచ్చి హాజరుపట్టీ ఎదుట దానిని పోగొట్టుకొన్నాడు.

ఇక ఇంటిపేరు చివర నుండవలెనన్న వాదము. దీనికి జవాబు వ్యాకరణమే చెప్పును. తెలుగు ఇంటిపేర్లలో ఊరిపేర్లైనవి షష్ఠ్యర్థమున నుండును. కందుకూరు కందుకూరి యగును, టంగుటూరు టంగుటూరి యగును. పాడు అను ఊళ్లు పాటి యగును. కందుకూరి వీరేశలింగము అనగా కందుకూరు యొక్క వీరేశలింగము. దానిని తలక్రిందులు చేసి వీరేశలింగం కందుకూరి అన్నచో 'కందుకూరి' తరువాత ఏమి అని వాక్యము నోరు తెరచుకొని నిలుచును. ఇంటిపేరు అను మాటలోనే ఇల్లు 'ఇంటి' యై ముందు నిలిచినది. 'పేరు ఇంటి' అను తెలుగువాడు లేడు. ఇంగ్లీషువానికి ఊరు వెనుక వచ్చుట సహజము, విలియం డి వెసింగ్టన్ అనుటలో 'డి' యొక్క స్థానమే అది. ఎవరి భాష వారి పేరును నడుపును. అన్ని ఇంటిపేర్లును ఊళ్లు కావు నిజమే; వృత్తులు, పూర్వులు, ఎగతాళి పేర్లు సైతము ఉన్నవి. అవియు ముందే నిలుచును.

ఖరగ్‌పూర్‌లోనే మరియొక సమాజమునకు వంశనామము ఎట్లు ఉపకరించినదో చూడవలెను. ఇంజనుడ్రైవర్లుగా, గార్డులుగా అచ్చట కాపురముండిన ఆంగ్లో ఇండియన్లకు తండ్రివైపు వచ్చిన ఐరోపా పేరు ప్రాణప్రదము. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 366వ అధికరణము ఆంగ్లో ఇండియన్ అనగా తండ్రి గాని, తండ్రివైపు పూర్వపురుషుడెవడైన గాని ఐరోపా వంశీయుడైనవాడని నిర్వచించినది. అనగా వారికి తండ్రి తాతల పేరు చట్టపు అర్థముగల సాక్ష్యము. ఒకే పట్టణము, ఒకే రైల్వే. ఒకరి వంశనామము నిర్వచనమున కెక్కినది. వేరొకరిది ఒక అక్షరమునకు కుదించుకొనిపోయినది.

పెద్దవారికి సైతము ఈ గతి తప్పలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకుడై, 1969లో రాష్ట్రపతియైన వరాహగిరి వేంకటగిరిగారిని లోకము 'గిరి' అనియే ఎరుగును. ఖరగ్‌పూర్ ఉన్న మేదినీపూర్ సీమలో గిరి సామాన్యమైన వంశనామము. అచ్చటివారు దానిని అట్లే గ్రహించుటలో ఆశ్చర్యము లేదు. వరాహగిరి యను అసలు ఇంటిపేరు మొదటి 'వి'లో దాగినది. విశ్వనాథవారి వేయిపడగలను 'సహస్రఫణ్'గా హిందీ పాఠకులకిచ్చిన పాములపర్తి వేంకట నరసింహారావుగారు 1991లో ప్రధానమంత్రి కాగా విదేశీ పత్రికలలో ఉత్త 'రావు' అయినారు. కాని వారి ఇంటిపేర్లను వెదకి వ్రాయుటకు జీవితచరిత్రకారులున్నారు. హాజరుపట్టీలోని అప్పారావునకు జీవితచరిత్ర వ్రాయువారెవరు?

ఒక ఆక్షేపణ మాత్రము బరువైనది. ఇంటిపేరు కులమును పట్టియిచ్చును. దానిని దాచుటయే మేలని పలువురు బుద్ధిపూర్వకముగా విడిచిరి. వారి నిర్ణయము గౌరవింపదగినది. ఊరిలో ఇంటిపేరు చెప్పగానే కూర్చుండు చోటు మారిపోవు దుఃస్థితి ననుభవించినవానికి పొడి అక్షరము ఒక రక్షణయే. అయితే పేరు విడుచు హక్కు పేరుగలవానిది. గడి చాలదని గుమాస్తా విడుచుటయు, అవమానము చాలునని మనిషి విడుచుటయు ఒకటి కావు. మొదటిదానిని రెండవదాని పేరు చెప్పి సమర్థించువారు రెండింటిని కలగలుపుచున్నారు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా హోదా నిచ్చుటకు ఆమోదించినది. ఖరగ్‌పూర్ తెలుగువారు చిరకాలము కోరినది. హోదా వచ్చినదని సభలు చేసికొనుట సులభము. ఆ హోదాకు మొదటి పరీక్ష జననపత్రములోను, బడి దరఖాస్తులోను ఉన్నది: ఇంటిపేరునకు మొదటి గడి, అది పూర్తిగా పట్టునంత గడి, తెలుగు లిపిలో. బోనువారి పిల్ల బోను అనియే బడిలో చేరవలెను. పాత పింఛను కాగితములలోని రావులు అట్లే ఉండవచ్చును. వానిని దిద్దబోయినచో ప్రమాణపత్రములకు తిరుగుటకే ముసలివారి ఆయువు చాలదు.