గాలి చూడకుండానే అలైన్‌మెంటా?

కారు ఒక పక్కకు లాగుతోందని చెబితే చాలు, చాలా షాపుల్లో ఒకటే మాట: "అలైన్‌మెంట్ పోయింది సార్, ర్యాంప్ ఎక్కించండి." ఏ జ్వరానికైనా పారాసెటమాల్ రాసిచ్చినట్టు ఇదో అలవాటైపోయింది. కాసేపట్లో పని ముగుస్తుంది, బిల్లు చేతికొస్తుంది. హైవే ఎక్కగానే కారు మళ్లీ ఎడమకే పోతుంది.

నిజానికి ముందు అనుమానించాల్సింది రోడ్డును. వాన నీరు నిలవకుండా తారురోడ్లను నూటికి రెండు, రెండున్నర పాళ్ల చొప్పున అంచులకు వాలుగా వేస్తారు. అంటే 3.5 మీటర్ల లేనులో ఆ చివరికీ ఈ చివరికీ 7 నుంచి 9 సెంటీమీటర్ల తేడా. ఎడమ పక్కన నడిచే మన బండి, స్టీరింగ్ వదులుగా పట్టుకుంటే మెల్లగా ఎడమకు జారడం సహజం. చదునైన ఖాళీ చోట తిన్నగా పోయే కారుకు ఏ రిపేరూ అక్కర్లేదు.

తర్వాత గాలి. ముందు టైర్లలో ఏది మెత్తబడితే కారు అటే లాగుతుంది. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్నంత గాలి ఉందో లేదో టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. అదీ సరిగ్గానే ఉంటే ముందు టైర్లను అటుది ఇటు, ఇటుది అటు మార్చి నడపాలి. లాగుడు కూడా వైపు మారిందా, దోషం టైరుదే. కొత్త టైరైనా సరే, లోపలి బెల్టు కాస్త పక్కకు పడితే ఇలాగే లాగుతుంది. బాణం గుర్తున్న టైర్లను మాత్రం ఇలా మార్చకూడదు.

బ్రేక్ నొక్కినప్పుడే లాగితే బ్రేకులు విప్పి చూడాలి. కొంత దూరం నడిపాక ఆపి, తాకకుండా రిమ్ముల దగ్గర చెయ్యి పెడితే ఒక్కదాన్నుంచే సెగ కొడుతోందంటే క్యాలిపర్ పట్టేసి ఉండొచ్చు. ఇక స్పీడు 80 దాటాక స్టీరింగ్ వణకడం సాధారణంగా బ్యాలెన్సింగ్ గొడవ.

ఇవన్నీ దాటాకే అలైన్‌మెంట్. మెషిన్ ముఖ్యంగా మూడు అంకెలు చెబుతుంది. పైనుంచి చూస్తే చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగి ఉండటం టో. చక్రం నిలువునా పక్కకు వాలడం క్యాంబర్. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండటం క్యాస్టర్. ముందు టో చెడితే టైరు అంచులు అరుగుతాయి, స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది. కారు లాగడం మాత్రం తక్కువే, ఆ తేడాను రెండు చక్రాలూ సమంగా పంచుకుంటాయి కనుక. క్యాంబర్‌లోనో క్యాస్టర్‌లోనో కుడి ఎడమల మధ్య అర డిగ్రీ మించి తేడా వస్తే బండి లాగుతుంది.

చిక్కంతా ఇక్కడే. మన రోడ్ల మీది చాలా చిన్న కార్లలో కంపెనీ ఇచ్చిన సర్దుబాటు ముందు టో ఒక్కదానికే. మెకానిక్ టై రాడ్ లాక్ నట్టు వదులు చేసి రాడ్ తిప్పుతాడు. స్క్రీన్ మీద టో అంకె ఎరుపు నుంచి పచ్చకు మారుతుంది. పక్కనే ఎడమ క్యాస్టర్ ఎర్రగానే ఉండిపోతుంది. "అది సెట్ కాదు సార్" అని కారు దింపేస్తారు.

అసలు ఆచూకీ ఆ ఎర్ర అంకెలోనే ఉంది. క్యాస్టర్ ఊరికే మారదు. గుంతలో పడి లోయర్ ఆర్మ్ వంగితేనో, బుష్ చిరిగితేనో, సబ్‌ఫ్రేమ్ జరిగితేనో మారుతుంది. ఆ పార్టు సంగతి తేల్చకుండా టో ఎన్నిసార్లు పట్టించినా డబ్బు దండగే.

అందుకే బండి ర్యాంప్ ఎక్కకముందే గాలి, బాల్ జాయింట్లు, బుష్‌లు చూడటం, పనికి ముందూ తర్వాతా ఉన్న అంకెల ప్రింటును బిల్లుతో పాటే ఇవ్వడం ప్రతి షాపులో రివాజు కావాలి. మెషిన్ ఎలాగూ ఆ కాగితం తీయగలదు. అడిగినవాళ్లకే ఎందుకివ్వాలి? సేవల నాణ్యత, ప్రమాణం, ధర తెలుసుకునే హక్కును 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చేసింది కూడా. ఎర్రగా మిగిలిన అంకెకు ఏ పార్టు కారణమనుకుంటున్నారో దాని మీదే రాసిస్తే, యజమాని ఆ కాగితం పట్టుకుని మరో మెకానిక్‌నైనా అడగగలడు.