రాచకురుపు చుట్టును చేరిన కావలివారు

పూర్ణా మార్కెట్టునకు కూరగాయలు పంపెడి పల్లెలు మొదలుకొని శ్రీకాకుళమువఱకు గల తీరగ్రామములలో ఒక దురభ్యాసము తరతరములుగా నున్నది. చుట్ట నంటించి, మండుచున్న కొసను నోటిలోనికి త్రిప్పుకొని త్రాగుదురు. దీనికే అడ్డపొగయని పేరు. పురుషులకంటె స్త్రీలే దీని కెక్కువగా లోబడినారు. గాలికి నిప్పాఱిపోదనియు, పనిపాటలలో నుసి పైని రాలదనియు కారణములు చెప్పుదురు. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామీణుల అంగిళ్లను పరీక్షించి 1971లో వైద్యులు ప్రకటించిన వ్యాసము ప్రపంచ వైద్యవాఙ్మయమున కెక్కినది. అన్యదేశములలో మిక్కిలి అరుదైన అంగిటి క్యాన్సరు, అనగా మనవారు రాచకురుపని భయపడుచు పలికెడి వ్యాధి, ఇచ్చట ఈ యలవాటును వెన్నంటి వచ్చుచున్నది. విశాఖపట్టణపు వైద్యులకు ఇది క్రొత్తవార్త కాదు.

కాని పాఠకులు తప్పక అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. మన రక్తములో తెల్లకణములను కావలిసేన యున్నదిగదా, అది యేమి చేయుచున్నది? కంటికి కానరాని సూక్ష్మజీవిని పట్టి చంపగల సేన, నోటిలో చింతగింజంత పెరిగిన కంతిని చూడలేదా?

చూచినది. చూచుటయేగాదు, అందు ప్రవేశించినది కూడ. కంతిలో తెల్లకణములు గుంపులుగా నుండుటను జర్మనీ పండితుడు విర్ఖో 1863లోనే గుర్తించెను. కంతియన్న కేవలము చెడిన కణముల ముద్ద యనుకొనుట పొరపాటు. అదియొక పేట వంటిది. దానిలో రక్తనాళములు, నారకణములు, పలువిధములైన తెల్లకణములు కాపురముండును. ప్రాణవాయువు చాలక, ఆమ్లము పేరుకొని, యుద్ధమునకు వచ్చిన కణము అచ్చట అలసిపోవును. అంతకంటె వింతయైనది మఱియొకటి. శరీరమునకు గాయమైనపుడు భక్షకకణములు మొదట శత్రువును మ్రింగి, పిమ్మట కఱ్ఱ క్రిందబెట్టి తాపీ చేతబట్టును. క్రొత్త నాళములను పెంచును, నారను అల్లించును, పోరాటమును చల్లార్చును. పుండు మానుటకు ఇది యావశ్యకమే. కంతి తాను మానని పుండైనట్లు నటించి, ఆ కణములను నిరంతరము తాపీపనిలోనే నిలుపుకొనుచున్నది. దొంగయింటికి గోడలు కట్టుచున్న కావలివారిని ఏమందుము? (పోలీసువాడే ముద్దాయి పక్షమున సాక్ష్యము పలికిన వ్యాజ్యములు న్యాయస్థానములలో అపూర్వములు కావు. వాని నెదుర్కొనుట యెంత కష్టమో వకీళ్లకు తెలియును.) అడ్డపొగచే దినదినము కాలుచున్న అంగిటికి నటనయు నవసరములేదు. అచ్చటి పుండు నిజమైన పుండే. నిప్పు దానిని మాననీయదు. ఆ వేడిమియు, పొగాకు విషమును కణములను చెఱచుచుండగా, మానని పుండు వానికి ఆశ్రయమిచ్చుచున్నది.

శరీరము తన్ను తాను కొట్టుకొనకుండ కొన్ని కళ్లెములను పెట్టుకొన్నది. తెల్లకణములలో సైన్యమును అదుపుచేయు తెగ యొకటి కలదు. ఆ యదుపును వెల్లడిచేసిన సకగూచి, బ్రంకో, రామ్స్‌డెల్ అను శాస్త్రజ్ఞులకు 2025లో నోబెల్ బహుమాన మిచ్చిరి. పోరుకణములమీదనే మఱికొన్ని కళ్లెములున్నవి. కంతి వాని నందిపుచ్చుకొని లాగి పట్టుకొనుచున్నది. ఆ పట్టు విడిపించిన వ్యాధి తగ్గునని చూపిన అమెరికా వాసి ఆలిసన్, జపాను వాసి హోంజో 2018లో అదే బహుమానమును పొందిరి. నివోలుమాబ్ అను మందు ఈ విద్యకు ఫలము. ఇది యందఱికిని పనిచేయదు. పనిచేసినచోట గూడ, కళ్లెము విడిన సేన ఒక్కొకప్పుడు ప్రేగులను, ఊపిరితిత్తులను బాధించును. అయినను ఇతర మందులు విఫలమైనవారిలో కొందఱిని ఇది నిలువబెట్టినది.

అడ్డము వచ్చుచున్నది వెల. పూర్తి మోతాదు రెండువారముల కొకసారి 240 మిల్లీగ్రాములు. కూలివానికి గాదు, గుమాస్తాకును అది అందని పండు. ఈ స్థితిలో ముంబయి టాటా స్మారక వైద్యశాలవారు, తల, మెడ భాగముల క్యాన్సరు ముదిరిన 151 మంది రోగులపై ఒక పరీక్ష జరిపి 2022లో ఫలితములు ప్రకటించిరి. చౌకయైన నోటిమందులకు తోడుగా సగముమందికి మూడువారముల కొకసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ నిచ్చిరి. ఏడాది బ్రదికినవారు నోటిమందులు మాత్రమే పుచ్చుకొన్నవారిలో నూటికి 16 మంది. ఈ చిన్న మోతాదు చేరినవారిలో 43 మంది. ఆ నోటిమందులలో ఒకటి మెథోట్రెక్సేటు. దాని పుట్టుకలో భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి హస్తమున్నదని చెప్పుకొనుట మాకు గర్వకారణము.

ఈ పరీక్షలో చిన్న మోతాదును పెద్ద మోతాదుతో పోల్చి చూడలేదని కొందఱు ఆక్షేపింతురు. నిజమే. కాని మన రోగికి ఎదురుగా నున్నవి చిన్న మోతాదును, పెద్ద మోతాదును గావు. చిన్న మోతాదును, శూన్యమును.

కావున మేము కోరునది యిది. కింగ్ జార్జి ఆసుపత్రిలోను, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రిలోను, అర్హుడైన ప్రతి బీదరోగికిని ఈ చిన్న మోతాదు ధర్మముగా లభింపవలెను. మందు 40 మిల్లీగ్రాముల సీసాలలో వచ్చుచున్నది. ఒక్కొకసీసా ఇద్దఱికి చాలును గనుక, రోగులను జతలుగా ఒకేదినమున పిలిచినచో చుక్కయైనను వృథాకాదు. ఇందులకు కోట్ల ధనమక్కఱలేదు. ఒక గుమాస్తాయు, ఒక పట్టికయు చాలును. 2003 నాటి పొగాకు చట్టము చుట్టకును వర్తించును. కాని కట్టవిప్పి విడివిడిగా అమ్మెడి చుట్టమీద హెచ్చరిక యెక్కడ? నగరపాలకసంస్థవారు పూర్ణా మార్కెట్టులోని పొగాకు దుకాణములయొద్ద, చదువురాని స్త్రీకిని తెలియునట్లు, కాలిన అంగిటి బొమ్మను వ్రేలాడదీయింపవలెను. అంగిటిపై తెల్లమచ్చగాని ఎఱ్ఱమచ్చగాని కనబడిన దినముననే దంతవైద్యునియొద్దకు పంపు బాధ్యత పల్లెలలోని ఆశా కార్యకర్తలది కావలెను.