కేరీ గ్రాంట్ నటించలేదట!

మొన్న శుక్రవారం లంచ్ టైములో మా టీములో ఒకాయన తీర్పు చెప్పేశాడు. "కేరీ గ్రాంట్ నటుడేంటి బాసూ, సూటేసుకొచ్చి నిలబడతాడు. ఏ సినిమాలో చూసినా అతనే." ఈయన చూసినవి రెండు. ఒకటి 'నార్త్ బై నార్త్‌వెస్ట్', రెండోది సగంలో నిద్రపోయిన 'షరేడ్'. సరే, ఈయన్ననేం లాభం? సాక్షాత్తూ హాలీవుడ్డే ముప్ఫై ఏళ్ళ పాటు ఇదే పాట పాడింది. అందుకే నాకు ఒళ్ళు మండుతుంది.

"తనని తానే నటించాడు" అంటారు కదా, ఇంతకీ ఆ 'తను' ఎవరు? 1904లో ఇంగ్లండులోని బ్రిస్టల్లో పుట్టిన ఆర్చిబాల్డ్ లీచ్. తండ్రి బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పనివాడు. పిల్లాడికి తొమ్మిదేళ్ళప్పుడు తల్లిని పిచ్చాసుపత్రిలో చేర్పించి, ఊరెళ్ళిందని చెప్పారు. తర్వాత చనిపోయిందన్నారు. ఆవిడ బతికే ఉందని అతనికి తెలిసేసరికి ముప్ఫై ఏళ్ళొచ్చాయి, అప్పటికే సినిమా హీరో! బడి వదిలేసి బాబ్ పెండర్ ట్రూపులో చేరి పిల్లిమొగ్గలేశాడు, పొయ్‌కాళ్ళ మీద నడిచాడు. 1920లో ఆ ట్రూపుతోనే ఓడెక్కి న్యూయార్క్ వచ్చాడు.

ఇప్పుడు చెప్పండి, ఆ సూటు, ఆ నడక, అటు ఇంగ్లండుదీ ఇటు అమెరికాదీ కాని ఆ యాస - వీటిలో పుట్టుకతో వచ్చింది ఒక్కటైనా ఉందా? 'కేరీ గ్రాంట్' అన్న మనిషే ఆర్చీ లీచ్ కూర్చుని కట్టిన కట్టడం. 'హిజ్ గర్ల్ ఫ్రైడే' (1940)లో ఆర్చీ లీచ్ పేరు తనే మధ్యలో ఇరికించి జోకేస్తాడు. తెలిసినవాడు నవ్వుకుంటాడు, తెలియనివాడు "సహజంగా ఉన్నాడు" అంటాడు.

అసలు తమాషా ఇది. మొత్తం కెరీర్లో అతనికి ఉత్తమ నటుడి నామినేషన్లు రెండే రెండు. 'పెన్నీ సెరెనేడ్' (1941), 'నన్ బట్ ద లోన్లీ హార్ట్' (1944). రెండింట్లోనూ కన్నీళ్ళున్నాయి (ఏడిస్తేనే నటన అనే జబ్బు మనకొక్కళ్ళకే లేదన్నమాట). పైగా ఆ రెండోది చూడండి. లండన్ మురికివాడ, చేతిలో డబ్బుల్లేని కుర్రాడు, జబ్బుపడ్డ తల్లి. అంటే అతని సొంత బాల్యానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న పాత్ర. తనకి దగ్గరగా ఉన్నదాన్ని చేస్తే "ఆహా, నటించాడు" అన్నారు. తనకి ఏ సంబంధమూ లేని పెద్దమనుషుల్ని చేస్తే "నటనేముంది, అతనంతే" అన్నారు. లాజిక్ ఎవరికైనా అర్థమైతే నాకూ చెప్పండి.

'ది ఆఫుల్ ట్రూత్' (1937) సంగతి ఇంకా ఘోరం. లియో మెకేరీకి ఉత్తమ దర్శకుడి ఆస్కార్ వచ్చింది. ఐరీన్ డన్‌కి నామినేషన్. సహాయ పాత్ర వేసిన రాల్ఫ్ బెల్లమీకీ నామినేషన్. సినిమాకీ నామినేషన్. వీళ్ళందరితో కలిసి ఆ సినిమాని మోసినవాడికి సున్నా.

'ఫిలడెల్ఫియా స్టోరీ' (1940)లో జేమ్స్ స్టూవర్ట్ తాగొచ్చే సీనుంది. స్టూవర్ట్ స్క్రిప్టులో లేని ఎక్కిళ్ళు పెట్టాడు. గ్రాంట్ ఒక్క క్షణం తడబడి, నవ్వు ఆపుకుని, తనే ఎక్కిళ్ళు పెట్టినట్టు సారీ చెప్పాడు. ఎదుటివాడు చేసేది వింటూ, అప్పటికప్పుడు దాన్ని అందుకుని ముందుకి తోయడం అంటే అదీ. ఆస్కార్ స్టూవర్ట్‌కి వచ్చింది. స్టూవర్ట్ బ్రహ్మాండంగా చేశాడు, కాదనను. కానీ ఆ సీను మళ్ళీ చూడండి, ఈసారి గ్రాంట్‌ని మాత్రమే చూడండి.

మా ఆఫీసులో ఒకప్పుడు అప్రైజల్లో నాకో ప్రశ్న ఎదురైంది: "నీ మాడ్యూల్లో ఏడాదంతా ఒక్క ఇష్యూ రాలేదు, మరి నువ్వేం చేసినట్టు?" అర్ధరాత్రి ప్రొడక్షన్లో మంటలు రేపి, తెల్లారేలోగా తనే ఆర్పినవాడికి అవార్డిచ్చారు. గ్రాంట్ గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకంత కోపమెందుకో ఇప్పుడు తెలిసుంటుంది.

ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. ఆ రోజుల్లో స్టూడియో కాంట్రాక్టు అంటే మామూలుగా ఏడేళ్ళు. వాళ్ళిచ్చిన పాత్ర వేయాలి, అద్దెకిస్తే వేరే స్టూడియోకి పోవాలి, కాదంటే జీతం ఆపి ఆ రోజుల్ని కాంట్రాక్టు చివర కలిపేవారు. మన సర్వీస్ బాండ్లు దీని ముందు బలాదూర్. గ్రాంట్ 1936 చివర్లో పారమౌంట్ కాంట్రాక్టు ముగియగానే మళ్ళీ సంతకం పెట్టలేదు. కొలంబియా, ఆర్కేఓలతో ఎవరికీ పూర్తిగా కట్టుబడని ఒప్పందాలు చేసుకున్నాడు. పెద్ద స్టార్లలో ఆ ధైర్యం చేసినవాళ్ళు కొద్దిమందే ఉన్న రోజులవి. తర్వాతి నాలుగేళ్ళలోనే పైన చెప్పిన కామెడీలన్నీ వచ్చాయి, డైనోసార్ ఎముక కోసం పరిగెత్తే 'బ్రింగింగ్ అప్ బేబీ' (1938)తో సహా. కానీ తన మనిషని చెప్పుకుని ఓట్లేయించే స్టూడియో అతనికి లేదు. స్టూవర్ట్ అప్పుడు ఎమ్‌జీఎమ్ కాంట్రాక్టు నటుడు. అదొక్కటే కారణమని అనను గానీ, లెక్కలోకి రాదంటే నమ్మను.

అతని తప్పులు లేవా? ఉన్నాయి. యాభైల్లో సేఫ్‌గా ఆడాడు. 'ఎ స్టార్ ఈజ్ బార్న్' (1954) వదులుకున్నాడు, అది జేమ్స్ మేసన్‌కి నామినేషన్ తెచ్చింది. తనకంటే పాతికేళ్ళు చిన్నదైన హీరోయిన్ పక్కన 'షరేడ్' (1963) చేశాడు. కనీసం ఇబ్బందిపడ్డాడు, ఆ అమ్మాయే తన వెంటపడేట్టు స్క్రిప్టు మార్పించుకున్నాడు. మన హీరోలకి ఆ మాత్రం మొహమాటం ఉంటే బాగుండు!

1966లో సినిమాలు మానేశాడు. 1970లో ఫ్రాంక్ సినాట్రా చేతుల మీదుగా గౌరవ ఆస్కార్ ఇచ్చారు. రిటైరయ్యాక ఇచ్చే శాలువా అన్నమాట.

వచ్చే శనివారం మావాణ్ణి ఇంటికి పిలిచాను, 'నొటోరియస్' (1946) పెడతాను. అందులో ప్రేమించిన అమ్మాయిని గూఢచర్యం కోసం వేరేవాడి ఇంటికి పంపి, కుళ్ళుకుంటూ, మాటలతో పొడుస్తూ, ముఖంలో ఏమీ కనపడనివ్వని గ్రాంట్ ఉంటాడు. నవ్వించే గ్రాంట్ ఛాయ కూడా ఉండదు. ఆ సినిమా అయ్యాక కూడా "ఏ సినిమాలో చూసినా అతనే" అంటే, ఆ రోజు బిర్యానీ బిల్లు ఆయనదే.