తమ్ముడి జబ్బు – పుట్టింటి వాటా

అమ్మా నాన్నా ఉన్నంతకాలం గడిచిపోతుంది. వాళ్ల తర్వాతే చిక్కంతా. మతి కుదురు లేని తమ్ముడు ఉంటున్న ఇల్లు అమ్మేద్దామంటారు. ‘వాడికేం తెలుసు, ఓ సంతకం పెట్టించేస్తే సరి’ అంటారు. ఆ ఇంటి ఆడపడుచు మీరైతే, కాస్త ఆగమని గట్టిగా చెప్పండి.

జబ్బు చేసినంత మాత్రాన వాటా పోదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఆ మాట ఉంది. అయినవాళ్లు వదిలేసినా, సొంతింట్లో ఉండే హక్కు నిలబెట్టుకునేందుకు ప్రభుత్వం సాయపడాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. విషయం అర్థంకాని స్థితిలో పెట్టించుకున్న సంతకం చెల్లదు సుమా! అలాగని అతని మాటకి విలువే లేదనుకోకండి. మందులు వాడి కుదుటపడ్డాక అతని సంతకమూ మన సంతకంలాంటిదే. అందుకే ముందు వైద్యం, తర్వాతే కాగితాలు.

మందులు మానేస్తే 14416కి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. దస్తావేజుల నకళ్లు, ఇంటిపన్ను రశీదులు, డాక్టరు చీటీలు ఒకే ఫైల్లో పెట్టుకోండి. వాటితో జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. మానసిక రోగులకు అక్కడ ఉచితంగా లాయర్‌ని ఏర్పాటు చేస్తారు.

ఇల్లు గురించి అందరూ మాట్లాడతారు, అతన్ని మాత్రం ఎవరూ అడగరు. నెమ్మదిగా ఉన్న పూట, అన్నం పెడుతూ మీరే అడగండి: ‘నీకెక్కడ ఉండాలనుందిరా?’ అని.