‘ప్రయత్నిస్తే పోయేదేముంది?’

ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడిన మనిషి ఇంటికి కొన్నాళ్లకు ఒక ప్రకటన చేరుతుంది. మూలకణాలతో మళ్లీ నడిపిస్తామంటుంది. ‘ప్రయత్నిస్తే పోయేదేముంది?’ అంటారు బంధువులు. ఉన్న ఎకరం బేరానికి వస్తుంది. పాఠకులారా, పోయేది చాలా ఉంది.

వెన్నుపాములో తెగిన నాడీతంతువులు వాటంతట అవి తిరిగి అతుక్కోవు. గాయం చుట్టూ గట్టిపడిన మచ్చ, లోపల మిగిలిన ఖాళీ అడ్డుపడతాయి. అక్కడ కొత్త కణాలను నాటాలనీ, జీవపదార్థంతో చేసిన చట్రాన్ని వంతెనగా అమర్చాలనీ శాస్త్రజ్ఞులు శ్రమిస్తున్నారు. ఆ కృషికి నేను నమస్కరిస్తాను. అయితే అది ఇంకా పరిశోధనే. అమెరికాలో జెరాన్ సంస్థ 2010లో రోగులపై మొదలుపెట్టిన మూలకణ ప్రయోగాన్ని మరుసటి ఏడాదే ఆర్థిక కారణాలతో ఆపివేసింది. ఇన్‌వివో సంస్థ రూపొందించిన చట్రం 2023లో వెల్లడైన పరీక్షా ఫలితాల్లో లక్ష్యాన్ని అందుకోలేదు. జపాన్ 2018లో ఒక మూలకణ చికిత్సకు షరతులతో అనుమతినిచ్చింది. దానికి ఆధారం 13 మంది రోగులు. వారితో పోల్చి చూడటానికి, ఆ చికిత్స పొందని రోగుల బృందమే లేదు.

ఆ పోలిక ఎందుకంటారా? గాయమైన తొలి నెలల్లో, ముఖ్యంగా వెన్నుపాము పూర్తిగా దెబ్బతిననివారిలో, కొంత స్పర్శ, కొంత కదలిక సహజంగానే తిరిగి రావచ్చు. అప్పుడు ఏ సూది వేసినా ఘనత సూదికే దక్కుతుంది. ‘మా అబ్బాయి కాలు కదిపాడు’ అనే వీడియోల బలం అంతే.

ఇక పోయేవాటిలో డబ్బు ఒకటి మాత్రమే. పోర్చుగల్‌లో ముక్కు లోపలి పొర కణాలను వెన్నుపాములో నాటించుకున్న ఒక యువతికి ఎనిమిదేళ్ల తరువాత అక్కడే గడ్డ పెరిగి, శస్త్రచికిత్స అవసరమైందని 2014లో వైద్యపత్రిక ప్రచురించింది. పైగా ఒకసారి ఇలాంటి కణాలు ఎక్కించుకున్నవారిని రేపటి అసలైన ప్రయోగాల్లో చేర్చుకోకపోవచ్చు.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, ఆమోదం పొందిన రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగిలినదంతా ప్రయోగమే. దానిని చికిత్సగా అమ్మడం అనైతికం. కనుక రెండే ప్రశ్నలు వేయండి. సీటీఆర్‌ఐలో ఈ ప్రయోగం నమోదు సంఖ్య ఎంత? పరిశోధనే అయితే నా దగ్గర రుసుము ఎందుకు?

ఆ ఎకరాన్ని నిలుపుకోండి. పుండ్లు పడకుండా పక్క మార్చడం, మూత్రాశయ సంరక్షణ, వ్యాయామం, సరిపడే చక్రాల కుర్చీ ఆయువును నిలుపుతాయి. వేలూరు వైద్యురాలు మేరీ వర్గీస్ 1954 ప్రమాదంలో నడక కోల్పోయి, చక్రాల కుర్చీలోనుంచే శస్త్రచికిత్సలు చేశారు. తనవంటి వారికోసం పునరావాస వైద్యానికి పునాది వేశారు. ఆ రెండు ప్రశ్నలకు తడబడే ఆసుపత్రి మెట్లు మాత్రం వెంటనే దిగి రండి.