ఆకూ తొక్కా కూడా ఉపాధిలో భాగమే



మా వద్ద చదువుకొని, ప్రస్తుతం స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక శిష్యుడు గత నెల ఫోను చేశాడు. సలాము, కుశలప్రశ్నలు అయిన తరువాత, “హజ్రత్, ఒక చిన్న సందేహం” అన్నాడు. పొరుగింటి పెద్దాయన తమ పెరటిలో పండిన స్వీడ్ దుంపలను ఆకులతో సహా తెచ్చి ఇచ్చారట. దుంపను ఉడికించి, మెదిపి, వెన్న కలుపుకొని తినవచ్చని కూడా చెప్పారట. “మరి ఆకులూ తొక్కా పారవేయవలసినవేనా? దుబారా గురించి మీరు చెప్పిన పాఠం గుర్తుకు వచ్చి చెయ్యి ఆగిపోయింది” అన్నాడు.

స్వీడ్ మన కె.కోటపాడు అంగడిలో దొరికే కూర కాదు. షల్గం, క్యాబేజీల కలయికతో పుట్టిన దుంప అది. పైన ఊదారంగు, లోపల లేత పసుపు. స్వీడన్ నుండి బ్రిటన్‌కు వచ్చినందున ఆ పేరు నిలిచింది. అయితే ఆవాలు, ముల్లంగి, షల్గం, స్వీడ్ అన్నీ ఒకే కుటుంబపు మొక్కలు. కనుక మనకు తెలిసిన ముల్లంగిని బట్టే ఆ శిష్యునికి సమాధానం చెప్పాము. లేత ఆకులను కడిగి, తరిగి, క్యాబేజీలా వండుకోవచ్చు. తొక్క లేతదైతే తినవచ్చు. ముదిరితే మందంగా చెక్కివేయాలి. దుకాణాలలో అమ్మే స్వీడ్‌కు నిల్వ కోసం కొన్నిచోట్ల మైనం పూస్తారు. అటువంటి తొక్కను తినకూడదు.

ఫోను పెట్టిన తరువాత ముప్పై ఏళ్ల నాటి మా తప్పు ఒకటి మనసులో మెదిలింది. చదువు ముగించుకొని వచ్చిన కొత్తలో మా సహాధ్యాయి ఒకరు అతిథిగా వచ్చారు. మా అమ్మీ దస్తర్‌ఖాన్ మీద ముల్లంగి ఆకుల పప్పు, అన్నం పెట్టింది. అతిథి అడిగి మరీ వడ్డించుకున్నారు. మేము మాత్రం సిగ్గుతో తల ఎత్తలేదు. ఆయన వెళ్లగానే, “వచ్చిన అతిథికి పశువుల మేత పెట్టావే” అన్నాము. అమ్మీ కోప్పడలేదు. “పక్కింట్లో నిన్నటి నుంచి పొయ్యి వెలగలేదు బేటా. దుంపలు వాళ్లకు పంపాను. ఆకులు మనకు మిగిలాయి” అన్నది.

పొరుగువారికి పంచేందుకు కూరలో నీళ్లు ఎక్కువ పోయమన్న హదీసును మేము ఆ వారమే పిల్లలకు పాఠం చెప్పి ఉన్నాము. చదివినది మేము, ఆచరించినది అమ్మీ. అల్లాహ్ ఆమెను కరుణించుగాక.

‘పశువుల మేత’ అన్న మాటను మేము మరల నోట పలుకలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1916లో జర్మనీలో బంగాళాదుంప పంట దెబ్బతిన్నది. సముద్ర దిగ్బంధం వల్ల బయటి నుండి తిండి రావడం కూడా కష్టమైంది. ఆ చలికాలమంతా ప్రజలు అంతవరకు ఎక్కువగా పశువులకు వేసే ఈ స్వీడ్‌నే తిని గడిపారు. రొట్టెలో కూడా దానినే కలిపారు. 1916-17 నాటి ఆ చలికాలానికి అక్కడ ఆ దుంప పేరే పెట్టారు. మనం చిన్నచూపు చూసే పదార్థం ఏ రోజున ఎవరి ప్రాణం నిలుపుతుందో మనకు తెలియదు.

దివ్యఖుర్‌ఆన్ అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతులో తినమనీ త్రాగమనీ చెబుతూనే మితిమీరడాన్ని అల్లాహ్ వారించాడు. జారిపడిన ముద్దను సైతం శుభ్రపరచి తినమని, ఆహారంలోని ఏ భాగంలో శుభం ఉన్నదో మనకు తెలియదని దైవప్రవక్త (స) బోధించినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. అంగడిలో ముల్లంగి కొన్న వెంటనే ఆకులను త్రుంచి అక్కడే వదిలివేసేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి. దుంపలో కన్న ఆకులోనే సున్నము, ఇనుము, సి విటమిన్ ఎక్కువ.

వండే విధానం ఇది. లేత ఆకులను మూడు నీళ్లలో కడగాలి, వాటి అడుగున ఇసుక ఉంటుంది. పెసరపప్పు సగం ఉడికిన తరువాత సన్నగా తరిగిన ఆకులు, పచ్చిమిర్చి, ఉప్పు వేయాలి. ఆకు మీది గరుకు నూగు ఉడికితే పోతుంది. వెల్లుల్లి, ఎండుమిర్చి, జీలకర్రతో తాలింపు పెట్టి, చివరన కొద్దిగా చింతపండు రసం పోస్తే చేదు తగ్గుతుంది. ముల్లంగి తొక్క తీయనవసరం లేదు, పీచుతో రుద్ది కడిగితే చాలు. తీసినచో బీరతొక్కు మాదిరిగానే నూనెలో మగ్గించి, వేయించిన నువ్వులు, మిరపకాయలు, చింతపండుతో నూరితే మంచి పచ్చడి అవుతుంది.

రెండు జాగ్రత్తలు చెప్పవలసి ఉన్నది. దుబారా కూడదన్నంత మాత్రాన ప్రతి ఆకూ తినదగినది కాదు. బంగాళాదుంప ఆకు, పచ్చబడిన దాని తొక్క, కర్రపెండలం పచ్చి ఆకు, తొక్క విషపూరితాలు. ప్రాణాన్ని కాపాడుకోవడం కూడా ధర్మమే. రెండవది, ఉల్లి, వెల్లుల్లి పచ్చిగా తిని ఆ వాసనతో మస్జిదుకు రావద్దన్న ఆదేశం క్రిందికి ధర్మవేత్తలు ముల్లంగిని కూడా చేర్చారు. పచ్చి ముల్లంగి తినేవారు నమాజు వేళను గమనించుకోవాలి.

మరునాడు ఆ శిష్యుడు మళ్లీ ఫోను చేశాడు. ఆకులు పప్పులో వేసి వండి, ఒక గిన్నెడు ఆ పొరుగింటి పెద్దాయనకు కూడా ఇచ్చి వచ్చాడట. తన పెరటి ఆకులను ఆయన ఈ విధంగా తినడం అదే మొదటిసారి అట. ఆ మాట వినడానికి మా అమ్మీ లేదే అని మాత్రం అనిపించింది.

మనకు లభించిన ఉపాధిలోని ప్రతి భాగాన్నీ గౌరవించే బుద్ధిని, మంచి భాగాన్ని పొరుగువారికి ఇచ్చే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.